దారి తప్పే అడవి

నా కోట తూర్పు బురుజు విరిగి ఓ ఆరేళ్ల పిల్ల చేతిలోకి వచ్చింది. గదిలో అందరం ఊపిరి బిగబట్టాం. ఆ పిల్ల మాత్రం ఒక కన్ను మూసి, బురుజును దుర్భిణిలా పట్టుకుని లోపలికి చూసింది.

"ఇందులో ఏమీ లేదక్కా," అంది నిరాశగా.

"లేదా? సరే, ఆర్కిటెక్ట్ గారికి ఇచ్చెయ్. పెట్టడం మర్చిపోయుంటారు," అంది ఆ అక్క.

మూడు వారాలు కూర్చుని, తెల్ల అట్ట కోసి, వేళ్లన్నీ జిగురు చేసుకుని తయారుచేసిన నమూనా అది. అందులో ఏదో పెట్టడం మర్చిపోయానట! మండిపోతూ తల తిప్పి చూశాను. భుజానికి బరువైన గుడ్డసంచి, వేళ్ల చివర్లకి ఊదారంగు సిరా మరకలు, పెదవుల మూల దాచుకుందామన్నా దాగని నవ్వు. శుభమా అని మొదలవాల్సిన పరిచయం విరిగిన బురుజుతో మొదలైంది.

జాతీయ ప్రదర్శనలో పిల్లల పెవిలియన్ కట్టే పని ఆ ఏడాది మా ఆఫీసుకి దక్కింది. అంశం పిల్లల కథలు. మా చీఫ్, మాటకి ముందు కళ్లద్దాలు తుడుచుకునే యాభై ఏళ్ల ఆవిడ, ఆ పనిని ఏకంగా నా చేతుల్లో పెట్టేశారు. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలో నేను గీసినవన్నీ మెట్లూ, బాత్రూములూ, కారు షెడ్లూ. ఇన్నాళ్లకి చెప్పుకోదగ్గ పని దొరికిందని గాల్లో తేలిపోయాను. కథలంటే రాజులు, రాజులంటే కోట. ఇంకేం, అద్దాల కోట గీసేశాను. దాన్ని పిల్లలకి చూపించి వాళ్లేమంటారో విందామని చీఫ్ పిల్లల లైబ్రరీకి కబురు పెట్టారు. అక్కడి లైబ్రేరియన్ పన్నెండు మందిని వెంటేసుకుని ఇలా దిగింది.

"కోట చాలా బాగుందండీ," అంది నమూనా చుట్టూ ఒకసారి తిరిగొచ్చి.

"థాంక్స్."

"ఫోటో దిగడానికి."

"అంటే?"

"పెద్దవాళ్లు పిల్లల్ని ముందు నిలబెట్టి ఫోటో తీసుకుంటారు కదా. ఆ తర్వాత పిల్లలు ఏం చేస్తారు?"

"లోపలికెళ్తారు. సింహాసనం ఉంది, రాజకుమారి గది ఉంది, గోడలకి స్క్రీన్లున్నాయి. చూస్తారు."

"చూసి?"

"బయటికొస్తారు. మొత్తం ఆరు నిమిషాలు. అన్నీ లెక్కేసే చేశాం."

ఆమె పిల్లల వైపు తిరిగింది. "ఏమర్రా, కథలో మీకు అన్నిటికంటే ఇష్టమైంది ఏది?"

"దారి తప్పిపోవడం!" పన్నెండు గొంతులు ఒక్కసారి అరిచాయి.

"వచ్చేవాళ్లు వేలల్లో ఉంటారండీ! అందరి పిల్లల్నీ దారి తప్పించమంటారా? నేను పెట్టేది ఎగ్జిబిషనా, తప్పిపోయిన పిల్లల ఆఫీసా?" అన్నాను ఒళ్లు మండి.

ఆమె పకపకా నవ్వింది. కోపంలో ఉన్నవాడికి ఎదుటి మనిషి నవ్వు నచ్చకూడదు. నాకు నచ్చింది. అందుకని ఇంకాస్త కోపం వచ్చింది.

వాళ్లు వెళ్లిపోయాక చీఫ్ కళ్లద్దాలు తుడుచుకున్నారు. "శనివారం సాయంత్రం లైబ్రరీలో ఆ అమ్మాయి కథ చెప్తుందట. వెళ్లి విను."

"మేడమ్, నాకు ఇరవై ఎనిమిదేళ్లు."

"పర్లేదు. వెనక కూర్చో."

* * *

శనివారం వాన. తడిసిన గొడుగు గుమ్మంలో వదిలి లోపలికెళ్తే, పుస్తకాల బీరువాల మధ్య చాప మీద పాతికమంది పిల్లలు. ఖాళీ ఉన్నది బురుజు విరిచిన పిల్ల పక్కనే. అందరూ దాన్ని పిడుగు అని పిలుస్తున్నారు. ఎవరు పెట్టారో గానీ ఆలోచించే పెట్టారు.

"కోట సారొచ్చాడు," అని పిడుగు అందరికీ వినపడేలా ప్రకటించి, నాకు జానెడు చోటిచ్చింది.

గాలి ఎక్కడ నిద్రపోతుందో చూడాలని బయల్దేరిన ఒక అమ్మాయి కథ అది. ఆ అమ్మాయి అడవిలో దారి తప్పిన చోట లైబ్రేరియన్ ఆగింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గినకొద్దీ పిల్లలు మోకాళ్ల మీద ముందుకి జరిగారు. కాసేపటికి చూసుకుంటే నేనూ చాప వెనక అంచున లేను. మధ్యకి వచ్చేశాను. నా మోకాలి కింద ఎవరిదో చెప్పు ఉంది.

కథ అయ్యాక వాన తగ్గలేదు. ఆమె దగ్గర గొడుగు లేదు. బస్‌స్టాప్ దాకా ఒకే గొడుగులో నడిచాం. గొడుగు మధ్యలో పట్టుకుంటున్నాననే అనుకున్నాను గానీ స్టాప్‌కి చేరేసరికి నా ఎడమ భుజం పిండితే బిందె నిండేలా ఉంది.

"మీకెందుకండీ దారి తప్పడమంటే అంత ఇష్టం?" అన్నాను.

"నేనెప్పుడూ తప్పలేదు కాబట్టి. మా నాన్న చెయ్యి వదిలేవారు కాదు. రోడ్డు మీదా, బజార్లో, చివరికి స్కూలు గేటు దాకా కూడా. పదో తరగతి వరకూ! పుస్తకాల్లో అయితే ఆయన పట్టుకోలేరు కదా, అందుకని అక్కడ తప్పిపోయేదాన్ని." బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి అంది, "మీ కోట నిజంగానే బాగుందండీ. కానీ కథ కోటలో ఉండదు. కోటకెళ్లే దారిలో ఉంటుంది."

సోమవారం ఆఫీసుకెళ్లి కోటని బీరువా మీదికెక్కించాను. తెల్ల కాగితం పరిచాను.

తర్వాతి రెండు నెలలూ ఎలా గడిచాయో అడిగితే శనివారాలు మాత్రమే చెప్పగలను. నేను గీసుకెళ్లడం, ఆమె చూసి పెదవి విరవడం, మళ్లీ గీయడం. ఎత్తయిన చెట్ల గోడల మధ్య మెలికలు తిరిగే దారులు. కొన్ని ఎటూ పోవు. ఒకచోట రాక్షసుడి బూటంత గది, ఒకచోట రహస్యం చెప్పుకునే బావి, అడవి నడిబొడ్డున కథ చెప్పే గుడిసె.

"ఈ మలుపు దగ్గర కొంచెం భయం కావాలండీ," అనేది.

"ఎంత?"

"పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవాలనిపించేంత."

అంత భయం నాకు ఆ టేబుల్ దగ్గరే వేస్తోందని చెప్పలేకపోయాను.

* * *

అడవి డ్రాయింగులు భద్రతా శాఖకి వెళ్లాయి. పది రోజుల్లో తిరిగొచ్చాయి. ప్రతి మలుపు మీదా ఎర్ర పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. చివర ఒకే వాక్యం: 'పిల్లలు దారి తప్పే ప్రమాదం ఉన్నందున అనుమతి నిరాకరించడమైనది.'

కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని లైబ్రరీకి పరిగెత్తాను. ఆమె కౌంటర్ వెనక పుస్తకాలకి తేదీ ముద్రలు వేస్తోంది.

"ఆ సేఫ్టీ ఆఫీసర్ ఉన్నాడు చూశారూ, రాతిగుండె! జన్మలో ఒక్క కథ విని ఉండడు."

టప్. ముద్ర పడింది. "ఊ."

"పుట్టగానే ఏడవకుండా, బయటికి దారెటని అడిగుంటాడు."

టప్. "ఇంకా?"

"మా ఆఫీసులో వాళ్లు చూశారట. మీసాలు కూడా స్కేలు పెట్టి గీసినట్టుంటాయట!"

"ఉంటాయి," అంది.

"మీరు చూశారా ఆయన్ని?"

"రోజూ. పొద్దున్నే టీ ఇచ్చేటప్పుడు."

నాలుక్కరుచుకున్నాను. కానీ అప్పటికే అది అనాల్సినవన్నీ అనేసింది. భూమి చీలితే అందులోకి దూకేవాణ్నే. లైబ్రరీ నేల మరీ గట్టిగా ఉంది.

ఆమెకి కోపం రాలేదు. వచ్చుంటే నయంగా ఉండేది. ముద్ర పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"నాన్న అప్పట్లో ఫైర్ స్టేషన్‌లో ఉండేవారు. ఒక మేడ మీద పిల్లల సంగీతం క్లాసు. కింద షాపులో మంటలు లేచాయి. మేడ మీదికి రెండో దారి ఉంది గానీ, దానికి అడ్డంగా ఎవరో బీరువాలు పెట్టేశారు. నాన్న తొమ్మిది మందిని దించారు. పదో పాప కనపడలేదు. భయపడ్డ పిల్లలు పరిగెత్తరండీ, దాక్కుంటారు. ఆ పాప బీరువా వెనక దాక్కుంది. నాన్న వెతికి పట్టుకునేసరికి..." ముద్ర మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అప్పుడు నాకూ ఆ పాప వయసే. ఆ రోజు నుంచి నాన్న నా చెయ్యి వదల్లేదు."

చేతిలోని కాగితాలు ఒక్కసారిగా బరువెక్కాయి.

"ఈ అడవి మీ ఆలోచన అని ఆయనకి తెలుసా?"

తల అడ్డంగా ఊపింది.

ఆ రాత్రంతా ఆలోచించి, నా బుర్రకి గొప్పగా తోచిన పని ఒకటి చేశాను. మర్నాడు బీరువా మీంచి కోటని దించి, దుమ్ము దులిపి, తూర్పు బురుజు అతికించాను. అడవిని వెనక్కి తీసుకుంటున్నామని, దాని బదులు కోట కడతామని భద్రతా శాఖకి ఉత్తరం రాసి పంపించాను. తండ్రీకూతుళ్ల మధ్య గొడవ ఉండదు, ఆయన పాత గాయం కదలదు, ఆమెకి ఇబ్బంది లేదు. నా త్యాగానికి నాకే కళ్లు చెమర్చాయి.

ఆ సంగతి శనివారం ఆమెకి చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"ఎవరి కోసం చేశారండీ ఇది?" అంది.

"మీ కోసమే."

"నన్నడిగారా?"

బురుజు కూడా అతికించేశానని చెప్పబోయాను.

"మా నాన్న కూడా అంతే. నా కోసమే అంటారు. చెయ్యి పట్టుకునే ముందు ఒక్కసారి కూడా అడగరు. మీరు వేరే అనుకున్నాను." సంచి భుజానికి తగిలించుకుంది. "కథ టైమైంది. ఈవేళ చాప మీద చోటు లేదు. నిండిపోయింది."

చాప మీద కావలసినంత చోటుంది. నేను చూస్తూనే ఉన్నాను.

* * *

నాలుగు రోజులు కోటలో కిటికీలు గీశాను. గీసిన ప్రతి కిటికీలోనూ ఆమె ముఖమే కనపడి, 'నన్నడిగారా?' అంది. ఐదో రోజు చీఫ్ వచ్చి నా టేబుల్ మీదికి వంగి చూశారు.

"ఈ కోట నీకిష్టమేనా?"

"లేదు మేడమ్."

"మరి ఎవరికిష్టం?"

"ఎవరికీ కాదు మేడమ్."

"అయితే ఎందుకు కడుతున్నావ్ నాయనా?"

లేచి నేరుగా లైబ్రరీకి వెళ్లాను. ఆమె పై అర నుంచి పుస్తకాలు దించుతోంది. నిచ్చెన కింద నిలబడి, దారిలో వల్లెవేసుకున్న క్షమాపణలన్నీ మర్చిపోయి, ఒకటే అడిగాను.

"ఉత్తరం పంపడం తప్పే. ఇప్పుడేం చేద్దామంటారు? మీరు చెప్పండి."

ఆమె రెండు మెట్లు దిగింది.

"నాన్న దగ్గరికి వెళ్దాం," అంది. "ఇంటికి కాదు. ఆఫీసుకి."

ఆయన గది చూస్తే మనిషి అర్థమవుతాడు. బీరువాలన్నీ ఒకే గోడకి. గుమ్మం ఎదురుగా కుర్చీ. టేబుల్ మీద ఒక ఫైలు, ఒక ఎర్ర పెన్సిల్, ఒక స్టాప్‌వాచ్. మీసాల గురించి మావాళ్లు చెప్పింది నిజమే.

గుమ్మంలో కూతుర్ని చూసి ఆయన సగం లేచారు. "ఏమ్మా, ఏమైంది? అమ్మ బాగానే ఉందా?"

"పని మీద వచ్చాను సార్," అంది ఆమె.

నాన్నా అనలేదు. ఆయన నెమ్మదిగా కూర్చున్నారు. "కూర్చోండి," అన్నారు. ఆ 'అండి' నాకొక్కడికేనా, ఇద్దరికీనా తేల్చుకోలేకపోయాను.

"పిల్లల లైబ్రరీ తరఫున వచ్చాను సార్. మీరు కాదన్న అడవి ఆలోచన నాది."

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచి సార్."

బయట వాన మొదలైంది. ఆయన ఎర్ర పెన్సిల్‌ని టేబుల్ అంచుకి సమానంగా సర్దారు.

"పిల్లలు తప్పిపోతే మీకు సరదానా?"

"తప్పిపోయి, వాళ్లంతట వాళ్లే దారి కనుక్కుంటే సరదాయే సార్. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా."

"భయపడ్డ పిల్లలు దారి వెతకరు. దాక్కుంటారు."

"తెలుసు సార్. ఇరవై ఏళ్లుగా వింటున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఇద్దరి చూపూ ఆ పెన్సిల్ మీదే ఉంది. ఇక ఉండబట్టలేక అడిగాను.

"సార్, మీకు అభ్యంతరం అడవితోనా, గోడలతోనా?"

ఆయన నా వైపు మొదటిసారి సరిగ్గా చూశారు.

"గోడలతో," అన్నారు చివరికి. "ఇవతల నేను, అవతల పిల్ల. మధ్యలో దాటలేని అడ్డం. అది మళ్లీ నాకొద్దు."

కిటికీలోంచి చూశాను. వాన దంచేస్తోంది. ఎదురుగా ఉన్న బిల్డింగ్ కనపడటం లేదు. తెల్లగా, దళసరిగా, గోడ కట్టినట్టు వాన. ఆ గోడలోంచి ఒక మనిషి తలమీద సంచి పెట్టుకుని నడిచి బయటికొచ్చాడు. వెనకాలే ఇంకొకావిడ.

కుర్చీ వెనక్కి పడేలా లేచాను. "సార్! గోడ వానలాంటిదైతే?"

"ఏంటీ?"

"చెట్లన్నీ గుడ్డ పట్టీలతో కడతాం సార్. నిప్పంటుకోని గుడ్డ. పైన చట్రం నుంచి నేలదాకా వేలాడుతుంటాయి. చూస్తే దట్టమైన అడవి. కానీ ఎటు నడిస్తే అటు దారే. ఏ చెట్టులోంచైనా ఇవతలికి రావచ్చు. మీరైనా ఏ వైపు నుంచైనా లోపలికెళ్లచ్చు!"

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకున్నారు.

"కట్టి చూపించండి. నలభై మంది పిల్లల్ని లోపల పెట్టండి. నాటకాల్లో వదిలే పొగ వదులుతాను, సైరన్ మోగిస్తాను. తొంభై సెకన్లలో అందరూ బయటికి రావాలి. ఒక్కరు తగ్గినా సంతకం పెట్టను."

"సరే సార్," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆమె గుమ్మం దాకా వెళ్లాక ఆయన పిలిచారు. "వాన పడుతోంది. గొడుగుందా?"

"ఉంది నాన్నా," అని నా చేతిలోని గొడుగు చూపించింది.

* * *

ప్రదర్శన మైదానంలో మూడు వారాల పని. ఇనుప చట్రానికి రింగులు బిగించి, రింగుల చుట్టూ పట్టీలు కట్టాం. ఆకుపచ్చలో ఎన్ని రకాలుంటాయో అప్పుడే తెలిసింది నాకు. నేను నిచ్చెన మీద, ఆమె కింద. పట్టీ అందించినప్పుడల్లా వేళ్లు తగిలేవి. రింగుకి ఇరవై పట్టీలు చాలని డ్రాయింగులో ఉన్నా ముప్పై కట్టాను. అడవి దట్టంగా ఉండాలి కదా!

పిల్లలు రోజూ బడి అయ్యాక వచ్చి చూసేవాళ్లు. ఒకరోజు పిడుగు నిచ్చెన కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కోట సార్, అక్కని అలా చూస్తావేంటి?"

"ఎలా చూశాను?"

"నేను ఐస్‌క్రీమ్‌ని చూసినట్టు."

చెట్టు అవతల ఆమె దగ్గింది. ఆ దగ్గులో నవ్వు ఎంత పాళ్లు ఉందో తేల్చుకునే లోపే పట్టీ జారి నా ముఖాన పడింది.

పరీక్ష రోజు పొద్దున్నే ఆయన వచ్చారు. యూనిఫాం, మెడలో స్టాప్‌వాచ్. అడవి చుట్టూ నడిచి అన్ని వైపులా పట్టీలు తానే పక్కకి జరిపి చూశారు. నలభై మంది పిల్లలు కేరింతలు కొడుతూ లోపలికి పోయారు. తెల్లటి పొగ చెట్ల మొదళ్ల దగ్గర పాకింది. సైరన్ కూసింది.

పది సెకన్లు. పదిహేను. ఒక పట్టీ కదిలింది. తర్వాత పది, తర్వాత వంద. అన్ని వైపుల నుంచీ, దారీ మలుపూ లేకుండా, చెట్లలోంచి పిల్లలు రాలిపడ్డారు. అడవి మొత్తం పిల్లల్ని కాసినట్టయింది.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. "ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది..."

యాభై సెకన్లు. ఇంకెవరూ రావడం లేదు.

"పిడుగు," అంది. ముఖం పాలిపోయింది. "పిడుగు రాలేదు."

ఆయన మెడలోని వాచీ తీసి కూతురి చేతిలో పెట్టి, ఎదురుగా ఉన్న చెట్టులోంచి నేరుగా లోపలికి వెళ్లిపోయారు. పట్టీలు ఆయన వెనక మూసుకున్నాయి.

అరవై. అరవై ఐదు. నేను కదలబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండండి. నాన్న వెళ్లారుగా." డెబ్బై. డెబ్బై ఐదు.

ఎనభై నాలుగో సెకనుకి ఒక చెట్టు కదిలింది. ముందు పిడుగు వచ్చింది. దాని గుప్పిట్లో ఒక పెద్ద చూపుడువేలు. ఆ వేలు వెనకే ఆయన.

"నేను గుడిసెలో దాక్కున్నానక్కా," అంది పిడుగు, గొప్ప వార్త తెచ్చినట్టు. "పట్టీల్లోంచి అన్నీ కనిపిస్తున్నాయి. ఈ తాత వచ్చి నన్ను చూసి అలాగే నిలబడిపోయాడు. ఏడుస్తున్నాడు కూడా. దారి తెలీదేమోనని నేనే తీసుకొచ్చా."

అందరం ఆయన వైపు చూశాం.

"పొగ," అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

అది నాటకాల్లో వదిలే పొగ. కళ్లు మండవు. ఎవరూ ఆ మాట అనలేదు.

ఆయన ఒక మోకాలి మీద కూర్చుని పిడుగు చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు. "దొరికావు, చాలా థాంక్స్ తల్లీ," అన్నారు. ఇరవై ఏళ్లు ఆలస్యంగా, బీరువా వెనక దాక్కున్న ఆ పాపతోనూ మాట్లాడుతున్నారని మా ఇద్దరికే తెలుసు. తర్వాత లేచి, ఫైలు అందుకుని సంతకం పెట్టారు. కూతురు వాచీ తిరిగివ్వబోతే తీసుకోలేదు. ఆమె తల మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, ఒక్కరే గేటు వైపు నడిచి వెళ్లిపోయారు.

* * *

పిల్లలు వెళ్లాక, చిక్కుపడ్డ పట్టీలు విప్పుతూ ఇద్దరం మిగిలాం.

"ఒకటి అడగొచ్చా?" అన్నాను.

"అడగండి."

"ప్రదర్శన అయిపోయాక శనివారాలు నేనేం చెయ్యాలి?"

"కథ వినడానికి రావచ్చు. చాప మీద చోటు ఖాళీ అయింది."

"కథ కోసం కాదు, చెప్పే మనిషి కోసం వస్తాను. మీరంటే నాకు చాలా ఇష్టం. ప్రేమ అనే అంటారనుకుంటా దీన్ని." గుక్కతిప్పుకోకుండా అనేశాను. "మీరు కాదన్నా సరే, ఈ చిక్కులన్నీ విప్పేసే వెళ్తాను."

ఆమె చటుక్కున ఒక చెట్టులోంచి అవతలికి వెళ్లిపోయింది. పట్టీల కింద రెండు పాదాలు మాత్రం కనపడుతున్నాయి.

"మీరు మొదటి రోజు వెనక కూర్చుని, కథయ్యేసరికి పిల్లల్ని తోసుకుని మధ్యకొచ్చేశారు, గుర్తుందా?" అంది చెట్టు అవతల నుంచి.

"తొయ్యలేదు, జరిగాను."

"ఆ తర్వాతి వారం నుంచి కథలు సాగదీస్తున్నాను. మీకు ఏడింటి బస్సు తప్పిపోవాలని."

"మొన్నటి కథ? గంట పట్టింది!"

"అది అసలు పది నిమిషాలదే," అంది. పట్టీల మధ్య నుంచి ఊదారంగు సిరా మరకల చెయ్యి ఒకటి ఇవతలికి వచ్చింది. పట్టుకున్నాను. ఈసారి అడగాల్సిన పని లేకపోయింది.

"ఇంట్లో నేనే చెప్తాను. మీరు మళ్లీ త్యాగాలూ అవీ చేసి ఉత్తరాలు రాయకండి," అంది.

ప్రదర్శన మొదలైన రోజు మా అడవి ముందు వరస గేటు దాకా ఉంది. సన్నగా వాన తుంపర. ఆ వరసలో మామూలు చొక్కాలో ఆయన, పక్కన గొడుగు పట్టుకుని నవ్వుముఖంతో వాళ్లావిడ. ముందుకి పంపిస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. వరసలోనే వచ్చారు.

"ఈయనకి రాతిగుండె అన్నది నువ్వేనట కదా బాబూ?" అన్నారు ఆవిడ నన్ను చూడగానే. "ముప్పై ఏళ్లుగా నేనంటుంటే ఎవరూ నమ్మలేదు. సాక్షివి దొరికావు!"

నా ముఖంలో రంగులు మారాయి. కూతురి వైపు చూస్తే ఆమె ఆకాశం వైపు చూస్తోంది.

"జన్మలో కథ వినలేదని కూడా అన్నాడట," అన్నారు ఆయన గంభీరంగా. "అదైతే నిజమే," అని బూట్లు విప్పి లోపలికెళ్లారు.

కథ గుడిసెలో పిల్లల మధ్య మడతపడని మోకాళ్లతో చాప మీద కూర్చున్నారు. ఎదురుగా కూతురు. ఆమె మొదటి వాక్యం రెండుసార్లు తడబడింది. మూడోసారికి గొంతు కుదిరింది. కథలోని అమ్మాయి ఒంటరిగా చీకటి మలుపు దాటే చోట ఆయన కుడిచెయ్యి దానంతటదే ముందుకి లేచింది. ఎవరినో పట్టుకోబోతున్నట్టు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వచ్చి ఒళ్లో కూర్చుంది. అమ్మాయి తనంతట తానే మలుపు దాటింది.

బయటికొచ్చి బూట్లు తొడుక్కుంటూ నాతో అన్నారు, "ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి రండి."

"ఎందుకు సార్?" అన్నాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జీవితంలో మళ్లీ అడగలేదు.

"ఎందుకేంటి బాబూ, మా ఇంటికి మెట్లు గీయించుకోవడానికి!" అని ఆవిడ పగలబడి నవ్వారు. ఆయన మీసాలు రెండు వైపులా కొంచెం పైకి లేచాయి. దాన్నే నవ్వు అంటారని వాళ్లావిడ తర్వాత నాకు చెప్పారు.

వాళ్లు గేటు దాటేదాకా చూస్తూ వానలో నిలబడ్డాను. కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో తెలియడం లేదు. వెనక నుంచి ఎవరో నా చొక్కా చెయ్యి పట్టి లాగారు.

"తర్వాతి కథకి అరవై మంది కూర్చున్నారు. బావి దగ్గర ఒక పట్టీ ఊడిపోయింది. ఇంకా అలా చూస్తావేంటి? రా!"

చూస్తారేంటి అనలేదు. చూస్తావేంటి అంది. రండి అనలేదు. రా అంది.

"ఏమన్నావ్?" అన్నాను.

ముఖం కందిపోయింది గానీ, మాట మార్చుకోలేదు. "రా అన్నాను," అని చెట్లలోకి వెళ్లిపోయింది. నేను ఆ వెనకే వెళ్లాను.